మద్రాసు ఇంగ్లీషు: పాత దస్తావేజుల్లోని వింత పదాలు

మద్రాసు ఇంగ్లీషు అంటే 17వ శతాబ్దం మొదలు 20వ శతాబ్దం మధ్యదాకా కోరమండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీ వర్తకులు, ఆ తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ అధికారులు రాసిన ఇంగ్లీషు. వాక్యం ఇంగ్లండుదే. పదజాలంలో మాత్రం తెలుగు, తమిళం, ఉర్దూ, పారశీకం, పోర్చుగీసు, మలయ్ కలగలిసి ఉంటాయి. నేటి ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చినవారికి కూడా ఆ రికార్డుల్లో కనిపించే కర్నమ్, కౌల్, గార్స్, పోలిగార్ లాంటి మాటలు కొరుకుడు పడవు. అవే మాటలను పైకి చదివి వినిపిస్తే చిత్తూరు వైపు పెద్ద రైతు సగానికి సగం అర్థం చెప్పేస్తాడు: అవి కరణం, కౌలు, గరిసె, పాళెగాడు.

తడ, సూళ్లూరుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల రికార్డుల్లో తరచుగా తగిలే పాత పదాలు, వాటి పుట్టుక, అర్థంలో వచ్చిన మార్పులు, నేటికీ మిగిలిన వాడుకలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

పుట్టిన తీరం

తడ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది. తూర్పున పులికాట్ సరస్సు. ఆ సరస్సు దక్షిణపు కొసన, నేటి తమిళనాడులో ఉన్న పళవేర్కాడులో (ఇంగ్లీషులో పులికాట్) డచ్చివారు స్థిరపడి 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువారు దిగారు. కంపెనీ కాగితాల్లో దుగరాజపట్నం పేరు ‘ఆర్మగాన్’. ఇంగ్లీషువారికి చోటు ఇప్పించిన ఆరుముగ ముదలియారు పేరే అలా మారిందని స్థానిక కథనం.

ఆర్మగాన్‌లో కంపెనీకి ‘ఫ్యాక్టరీ’ ఉండేదని పుస్తకాలు రాస్తాయి. అక్కడ యంత్రమూ లేదు, తయారీ కూడా లేదు. ఆ రోజుల ఇంగ్లీషులో ఫ్యాక్టర్ అంటే యజమాని తరఫున కొని అమ్మే ప్రతినిధి. అతను కాపురముండి సరుకు నిల్వచేసే చోటు ఫ్యాక్టరీ. కంపెనీ కొలువులో మెట్లు కూడా ఇలాంటివే: రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. రైటర్ అంటే రచయిత కాడు, అడుగు మెట్టున ఉన్న గుమాస్తా.

ఆర్మగాన్‌ను చూసుకున్న ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు పట్టణానికి చోటు సంపాదించాడు. ఆ అనుమతి పత్రాన్ని కంపెనీ రికార్డులు ‘కౌల్’ అంటాయి. అరబ్బీలో మాట, వాగ్దానం అనే అర్థమున్న పదం పారశీకం మీదుగా తెలుగులోకీ ఇంగ్లీషులోకీ వచ్చింది. తెలుగులో అది పొలం గుత్తకు పరిమితమైంది. కంపెనీ ఇంగ్లీషులో దాని పరిధి పెద్దది: పాలకుడిచ్చే అభయపత్రం, పన్ను ఒప్పందం, వ్యాపార హామీ అన్నీ కౌలే. 17వ శతాబ్దపు కాగితంలో కౌల్ కనిపించగానే కౌలుదారును ఊహించుకుంటే దారి తప్పినట్టే.

పులికాట్ పేరు సరుకుగానూ మారింది. ఇక్కడి తీరం నుంచి ఎగుమతైన గళ్ల చేతిరుమాళ్లను ఇంగ్లీషులో ‘పులికాట్’లనే పిలిచారు. 18వ శతాబ్దం చివరికి స్కాట్లండులో గ్లాస్గో నేతగాళ్లు వాటి నకళ్లు నేసి ‘పల్లికేట్’ పేరుతో అమ్మారు. పాత నవలల్లో ఎవరైనా మెడకు పులికాట్ చుట్టుకుంటే అది ఈ ఊరి పేరే.

అర్థాలు చెప్పిన నిఘంటువులు

ఈ పదాలు ఇంగ్లండులోని వారికి మొదటినుంచీ తలనొప్పే. కంపెనీ వ్యవహారాల మీద పార్లమెంటు ముందుకు వచ్చిన 1812 నాటి ఐదో నివేదిక సభ్యులకు అర్థం కాక, చార్లెస్ విల్కిన్స్ దానికి పదకోశం తయారుచేయవలసి వచ్చింది. అది 1813లో వెలువడింది. కడపలో పనిచేసి తెలుగుకు అంకితమైన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో ‘జిల్లా నిఘంటువు’ అచ్చువేశాడు. కచేరీల్లో రోజూ వినిపించే మాటలకు అర్థాలిచ్చే పుస్తకమిది. ఆయన పెద్ద నిఘంటువుల నీడలో పడి దీని పేరు ఎక్కువమందికి తెలియదు. హొరేస్ హేమన్ విల్సన్ 1855లో న్యాయ, రెవెన్యూ పదాల కోశం తెచ్చాడు. మద్రాసు పరిపాలన మాన్యువల్ మూడో సంపుటం, 1893లో మెక్లీన్ కూర్చినది, పూర్తిగా పదకోశమే.

అన్నిటిలోకి పేరు పొందినది ‘హాబ్సన్-జాబ్సన్’. హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ కూర్చగా 1886లో వచ్చింది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. పుస్తకం రాకముందే 1882లో చనిపోయాడు. విలియం క్రుక్ సవరించిన రెండో కూర్పు 1903 నాటిది. వింతగా ఉన్న ఆ పేరు పీర్ల పండగలో వినిపించే ‘యా హసన్, యా హుస్సేన్’ అన్న పిలుపును బ్రిటిష్ సైనికులు తమ నోటికి తగ్గట్టు విరిచి పలికిన రూపం. పదానికి అర్థమివ్వడంతో ఆగకుండా, ఏ ఏడు ఏ యాత్రికుడు ఎలా వాడాడో వరసగా చూపించడం దీని పద్ధతి. వ్యుత్పత్తుల్లో కొన్ని నేడు నిలవవు. ఉదాహరణల సంపద ముందు ఆ లోటు చిన్నదే.

అక్షరాల గందరగోళం

పదం కంటే ముందు అక్షరక్రమం అడ్డుపడుతుంది. 1870లలో విలియం విల్సన్ హంటర్ పద్ధతి ప్రభుత్వ వాడుకలోకి రాకముందు ఎవరి చెవికి వినిపించినట్టు వారు రాశారు. చదవడానికి మూడు సూత్రాలు చాలు. జంట ‘ఓ’ ఊకారం, జంట ‘ఈ’ ఈకారం, ‘యూ’ అక్షరం చాలాచోట్ల అకారం. కరణం పేరులో, కడప పేరులో మొదటి హల్లు తరవాత యూ ఉండటానికి కారణం ఇదే. కడప పాత అక్షరక్రమం అధికారికంగా 2005లో గానీ పోలేదు.

ఊళ్ల పేర్లలో ఈ చిక్కు ఎక్కువ. తిరుపతి ‘ట్రిపెట్టీ’ అయింది, కాళహస్తి ‘కాలాస్ట్రీ’ అయింది. కార్వేటినగరం పాళెగాళ్లను వారి బొమ్మరాజు బిరుదును బట్టి ‘బోమ్‌రాజ్’ అన్నారు. నగరి కొండ శిఖరం సముద్రం మీదికి కనిపించేది కాబట్టి నావికులు దాన్ని ‘నగరి ముక్కు’ అని ఇంగ్లీషులో పిలిచి, ఓడ ఎక్కడుందో తెలుసుకునే గుర్తుగా పెట్టుకున్నారు.

మనుషులు, భాషలు

‘జెంటూ’ ఈ పదాలన్నిటిలో తెలుగువారికి అతి దగ్గరిది. అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు ‘జెంటియో’ నుంచి వచ్చింది. బెంగాలులో జెంటూ అంటే హిందువు. 1776లో నతానియల్ హాల్హెడ్ తెచ్చిన ‘జెంటూ చట్టాలు’ హిందూ ధర్మశాస్త్రమే. మద్రాసులో అదే మాట తెలుగు మనిషికి, తెలుగు భాషకు పేరైంది. తమిళాన్ని అప్పట్లో ‘మలబార్’ అనేవారు, హిందుస్తానీని ‘మూర్స్’ అనేవారు. కాబట్టి మద్రాసు కోటలో దుబాసీకి జెంటూ, మలబార్, మూర్స్ వచ్చునని రాసి ఉంటే తెలుగు, తమిళం, ఉర్దూ వచ్చునని. అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1816లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ఈ భాషను సాధారణంగా జెంటూ అంటారన్న వివరణ ఉంది. బ్రౌన్ కాలానికి ఆ పేరు వెనకబడి తెలుగు నిలబడింది. దక్షిణ ధ్రువం వైపు బతికే జెంటూ పెంగ్విన్‌కు ఆ పేరు ఈ మాట నుంచే వచ్చి ఉండవచ్చని నిఘంటుకారులు అంటారు. రుజువు మాత్రం గట్టిది కాదు. జెంటూ లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ పేరు ఆ పెంగ్విన్‌దే.

తెలుగువారికి బయట మరికొన్ని పేర్లు పడ్డాయి. క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిలను బట్టి ఉత్తరాదిలో సిపాయినే ‘తెలింగా’ అన్నారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి బర్మా చేరిన తెలుగు కూలీలు అక్కడి ఇంగ్లీషులో ‘కోరింఘీ’లు.

‘డూబాష్’ మన దుబాసి. రెండు భాషల మనిషి అన్న మూలార్థం కంటే ఉద్యోగం చాలా పెద్దది: అనువాదకుడు, దళారి, అప్పులిచ్చేవాడు, దొర ఇంటి పెత్తనదారు అన్నీ అతనే. 18వ శతాబ్దం చివర గవర్నరు జాన్ హాలండ్ వెనక చక్రం తిప్పిన అవధానం పాపయ్య ఈ కోవలో అందరికంటే ప్రసిద్ధుడు. కుట్ర కేసులో 1792లో అతని మీద విచారణ జరిగింది. వాల్టర్ స్కాట్ 1827 నాటి ‘సర్జన్స్ డాటర్’ నవలలో అతన్ని పాత్రగా చేశాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసి కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ వృత్తికి వచ్చిన గౌరవప్రదమైన రూపం.

‘బాయ్’ అని పిలిస్తే పలికేది అన్నిసార్లూ కుర్రవాడు కాదు. మద్రాసులో పల్లకీ మోసే బోయీలను కూడా ఆ మాటతోనే పిలిచేవారని హాబ్సన్-జాబ్సన్ విడిగా నమోదు చేసింది. ‘గ్రిఫిన్’ అంటే ఓడ దిగి ఏడాది నిండని కొత్త దొర. ‘మల్’ అంటే మద్రాసు ఉద్యోగి. మిరియాల చారుకు తమిళపు పేరైన ‘మిళగు తణ్ణీర్’ ఇంగ్లీషులో ‘మల్లిగటానీ’ కాగా, దాన్ని కుదించి పెట్టిన ఎగతాళి పేరిది.

కచేరీ మాటలు (చూ. మిగిలిన వాడుకలు)

‘పోలిగార్’ దక్షిణ రాయలసీమ చరిత్రకు తాళంచెవి. పాళెం, అంటే సైనిక విడిది, దానికి అధిపతి పాళెగాడు. తమిళంలో పాళైయక్కారన్. 1800లో నిజాము కంపెనీకి వదిలిన జిల్లాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో తన ఏడేళ్ల పాలనలో (1800–1807) వీరిని అణచి, చాలామందిని పింఛనుదారులుగా మార్చాడు. అప్పటినుంచి రికార్డుల్లో ‘పోలిగార్’ పక్కన ‘పెన్షన్’ మాట కనిపిస్తుంది. 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అలాంటి కుటుంబంవాడు. చిత్తూరు పరిస్థితి వేరు: 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు కంపెనీకి వచ్చింది. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం ప్రభువులను ఇంగ్లీషువారు ‘పశ్చిమ పోలిగార్లు’ అంటూనే జమీందారులుగా ఒప్పుకున్నారు. ఒకే మాట ఒక జిల్లాలో దాదాపు దోపిడీదారు, పక్క జిల్లాలో రాజావారు. కాగితం రాసినవాడి అవసరమే ఇక్కడ అర్థాన్ని నిర్ణయించింది.

మిగతా కచేరీ పదాలు ఇంత జటిలం కావు. ‘కచ్చెరీ’ కచేరి, ‘జుమ్మబుందీ’ ఏటేటా రైతువారీ శిస్తు లెక్క తేల్చే జమాబందీ, ‘పేష్కుష్’ జమీందారు చెల్లించే కప్పం, ‘మోతుర్ఫా’ మగ్గం మీద, అంగడి మీద, వృత్తి మీద వేసిన పన్ను, ‘శ్రోత్రియం’ నామమాత్రపు శిస్తు మీద బ్రాహ్మణులకిచ్చిన గ్రామం. ‘మిరాసీ’ వంశపారంపర్య హక్కు. ఈ హక్కు తిరుమల ఆలయంలో అర్చకులకు, ఇతర కైంకర్యపరులకు 1987 చట్టం వచ్చేదాకా నడిచింది. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు 1996లో సమర్థించింది.

తిరుమల ఆలయ నిర్వహణ కంపెనీ చేతిలో ఉన్నది 1801 నుంచి 1843 వరకు. ఆ తరవాత హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. ఈ కాలపు రికార్డులు, ఆలయ నిర్వహణకు 1821లో రాసిన నియమావళి బ్రూస్ కోడ్‌తో సహా, పాత పదాలకు గని. ‘దిట్టం’ అంటే ప్రసాదానికి ఏ దినుసు ఎంత అని నిర్ణయించిన లెక్క. నేటికీ లడ్డూ దిట్టం అనే అంటారు. ‘హూండీ’ దగ్గర మాత్రం ఆగాలి. వ్యాపార రికార్డుల్లో అది ఒక ఊళ్లో సొమ్ము కట్టి మరో ఊళ్లో తీసుకునే చెల్లింపు పత్రం. ఆలయ రికార్డుల్లో కానుకలు వేసే కొప్పెర.

కొలతలు, నాణేలు

‘గార్స్’ ధాన్యపు కొలత. తెలుగు గరిసె నుంచి వచ్చిందని హాబ్సన్-జాబ్సన్ రాసింది. మద్రాసు లెక్కలో గార్సుకు 400 మరకాళ్లు. ఊరు మారితే కొలత మారేది కాబట్టి, గార్సుల్లో ఉన్న పంట దిగుబడిని టన్నుల్లోకి మార్చేముందు అది ఏ ఊరి కొలతో చూడాలి. ‘విస్’ వీశె. ‘క్యాండీ’ మిఠాయి కాదు, 20 మణుగుల బరువు.

‘పగోడా’ గుడి కూడా, నాణెం కూడా. నాణెమైతే మన వరహా. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా. 1818లో మద్రాసు ప్రభుత్వం రూపాయిని ప్రమాణంగా తీసుకున్నప్పుడు పగోడాకు మూడున్నర రూపాయలు కట్టారు. ఇండియాలో త్వరగా డబ్బు గడించడాన్ని ఇంగ్లండులో ‘పగోడా చెట్టు దులపడం’ అనేవారు. ఇక ‘క్యాష్’ అనేది ఇక్కడి చిన్న రాగి నాణెం, కాసు. నగదు అనే అర్థమున్న ఇంగ్లీషు క్యాష్‌తో దానికి చుట్టరికం లేదు. రెండూ వేరు వేరు మూలాల నుంచి వచ్చి ఒకే రూపంలో కలిశాయి.

ఇల్లు, దారి, పొలం

‘చౌల్ట్రీ’ చావడి నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. బాటసారుల విడిది, పంచాయతీ జరిగే చోటు, మద్రాసులో అయితే చిన్న నేరాలు విచారించే న్యాయస్థానం కూడా. ‘టోప్’ తోపు, ‘బాండీ’ బండి, ‘చునమ్’ సున్నం. పులికాట్ సరస్సు గుల్లలను కాల్చి సున్నం చేయడం ఈ ప్రాంతపు పాత వృత్తి. ‘ఆనికట్’ ఆనకట్ట, ‘కలింగులా’ చెరువు కలుజు. ‘కాంజీ హౌస్’ అంటే పటాలంలో ఖైదు గది. అక్కడివారికి గంజి పోసేవారు కాబట్టి ఆ పేరు. ‘గోడౌన్’ మలయ్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినా, దాని వెనక తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు ఉన్నాయని యూల్, బర్నెల్ భావించారు.

‘బ్యాండికూట్’ వీటన్నిటిలో దూరప్రయాణం చేసినది. పందికొక్కు అన్న తెలుగు మాటే ఇంగ్లీషులో ఇలా నిలిచింది. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియాకు వెళ్లిన ఇంగ్లీషువారు అక్కడి సంచిజంతువు ఒకటి ఎలుకలా ఉందని దానికీ ఇదే పేరు పెట్టారు. రెండింటికీ జీవశాస్త్ర సంబంధం లేదు. పందికొక్కు శాస్త్రీయ నామంలో ప్రజాతి పేరు ‘బాండికోటా’. 1996లో వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్’ వీడియో గేమ్ కథానాయకుడు ఆస్ట్రేలియా వైపువాడు, పేరు మాత్రం తెలుగు పొలాలది.

మిగిలిన వాడుకలు (చూ. కచేరీ మాటలు)

ఇంగ్లండులో ఈ మాటలు ఎవరికీ గుర్తులేవు. ఇక్కడ ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రం చెక్కుచెదరలేదు. కలెక్టరేటులో ‘తపాల్’ సెక్షను ఉంది. జమాబందీ, అడంగల్ మాటలు రైతుకు నిత్యవ్యవహారం. రెవెన్యూ లెక్క జూలైలో మొదలయ్యే ‘ఫసలీ’ సంవత్సరంలో నడుస్తుంది. 1990–91 ఫసలీ 1400. ‘పోరంబోకు’ శిస్తు లేని ప్రభుత్వ భూమికి పేరు, పనీపాటా లేనివాడికి తిట్టు. కరణం ఉద్యోగం 1984లో రద్దయింది గానీ ఇంటిపేర్లలో, వీధుల పేర్లలో కరణాలు ఉన్నారు. పశువుల సంతను ఇంగ్లీషు పత్రికలు ‘క్యాటిల్ శాండీ’ అంటాయి. బ్రిటన్‌లో శాండీ అంటే నిమ్మరసం కలిపిన బీరు. అక్కడి పాఠకుడు ఈ వార్త చదివితే ఏమనుకుంటాడో. తిరుపతి రైల్వే స్టేషను వెనక గోవిందరాజస్వామి సత్రాలను ఇంగ్లీషులో చౌల్ట్రీలే అనేవారు. చెన్నై, బెంగళూరులలో చౌల్ట్రీ అంటే పెళ్లి మండపం.

అన్నిటికంటే విచిత్రమైన బతుకు ‘సీడెడ్’ది. వదులుకున్న, దత్తం చేసిన అనే అర్థంలో 1800 నాటి ఒప్పందం నుంచి వచ్చిన ఈ విశేషణాన్ని తెలుగులో దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నాక అది పోవలసింది. సినిమా పంపిణీదారులు పట్టుకుని ఉండటంతో పోలేదు. కొత్త సినిమా వసూళ్ల జాబితాలో నేటికీ ‘సీడెడ్’ వేరే గడి. నిజాము వదలని చిత్తూరు కూడా అందులో చేరడం సినిమా వ్యాపారపు సొంత భూగోళం.

రికార్డులు చదివేవారికి

ఈ పదాల ఉపయోగం చరిత్రకారులతో ఆగదు. ఇనాం, పోరంబోకు, మిరాసీ, శ్రోత్రియం అన్న మాటల అర్థం మీద భూతగాదాలు కోర్టుల్లో తేలుతుంటాయి. పదం పాతదైతే దానికి నేటి అర్థం అంటగట్టకుండా, ఆ కాగితం రాసిన ఏడాదికి దగ్గరలో వచ్చిన కోశాన్ని చూడటం మేలు: 1800 ప్రాంతానికి విల్కిన్స్, 1850 ప్రాంతానికి బ్రౌన్, విల్సన్, ఆ తరవాతికి మెక్లీన్. జిల్లా మాన్యువళ్లు కూడా తోడు పెట్టుకోవాలి. నెల్లూరుకు బాస్వెల్ (1873), కడపకు గ్రిబుల్ (1875), ఉత్తర ఆర్కాటుకు కాక్స్ (1881).

ఏ జిల్లా సంపుటం అన్నది ముందు తేల్చుకోవాలి. తడ, సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చాయి; అంతకుముందు నెల్లూరు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు, మదనపల్లె వైపు కడప. రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అందువల్ల ఆ గ్రామాల పాత దస్తావేజులు కావలసినవారు చెంగల్పట్టు జిల్లా రికార్డుల్లో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి.